419 ఎంట్రీలు, 41 రోజులు: థీసిస్ రిఫరెన్సులు జొటేరోలోకి ఎక్కించిన అనుభవం

తెలుగు నిఘంటువుల చరిత్ర మీద ఇంగ్లీషులో రాసిన పీహెచ్‌డీ థీసిస్ ఇది. దీని గ్రంథసూచి మొత్తాన్ని, రిఫరెన్సులు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ జొటేరోలోకి ఎక్కించి, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో వర్డ్ ఫైల్లోకి దించే పని 2025 మార్చి 3న మొదలుపెట్టాను. వారంలో అయిపోతుందనుకున్నాను. అయ్యేసరికి ఏప్రిల్ 12 వచ్చింది. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి పట్టింది ఒక్క పూటే. మిగతా రోజులన్నీ ఎక్కడికి పోయాయో వరుసగా రాస్తున్నాను.

చేతిలో ఉన్న సరుకు మూడు రకాలు. నాలుగేళ్ళుగా వర్డ్‌లో టైపు చేసుకుంటూ వచ్చిన జాబితాలో 212 ఎంట్రీలు, వాటిలో ఇంగ్లీషువి 128, తెలుగువి 84. లైబ్రరీ డేటాబేసుల నుంచి అప్పుడప్పుడూ దించుకున్న ఆర్‌ఐఎస్ ఫైళ్ళలో (రిఫరెన్సు వివరాలు వరసలుగా ఉండే ఫైళ్ళు) 146. పాత వ్యాసం ఒకదానికి వాడిన బిబ్‌టెక్ అనే అలాంటిదే మరో రకం ఫైల్లో 61. అంతా కలిపి 419.

మార్చి 3, 4 తేదీల్లో తేలిక పని పెట్టుకున్నాను. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ నొక్కి ఆర్‌ఐఎస్ ఫైలు చూపిస్తే 146 ఎంట్రీలూ నిమిషంలోపే వచ్చిపడ్డాయి. అప్పుడు కనిపించే పెట్టెలో, దిగుమతి అయినవన్నీ కొత్త కలెక్షన్‌లో పెట్టాలా అన్న చోట టిక్కు తీసేయకండి. ఏదైనా తేడా వస్తే ఆ గుంపు ఒక్కటే పట్టుకుని చెరిపేయడానికి అదే ఆధారం. చెరిపేటప్పుడు ఇంకో మెలిక ఉంది. మామూలుగా కలెక్షన్ డిలీట్ చేస్తే డబ్బా మాత్రమే పోతుంది, లోపలి ఎంట్రీలు లైబ్రరీలోనే ఉండిపోతాయి. కలెక్షన్‌తో పాటు ఐటమ్స్ కూడా డిలీట్ చెయ్యమనే రెండో ఆప్షన్ ఎంచుకోవాలి.   డేటాబేసుల కీవర్డులన్నీ ట్యాగులై ఎడమవైపు కింద చీమలబారులా నిలబడ్డాయి.

బిబ్‌టెక్ 61లో చిక్కు శీర్షికల దగ్గర వచ్చింది. బిబ్‌టెక్‌లో పెద్దక్షరం చెదరకుండా ఉండాలంటే దానికి మీసాల బ్రాకెట్ వేస్తారు. జొటేరో దాన్ని తన భాషలోకి మార్చి, శీర్షిక మధ్యలో నోకేస్ అనే స్పాన్ ట్యాగు పెడుతుంది. గడిలో చూస్తే కోడు ముక్కలా కనిపించి కంగారు పెడుతుంది గానీ అది తప్పు కాదు, చెరపకండి. ద్రవిడియన్, తెలుగు లాంటి మాటల మొదటి అక్షరాన్ని కాపాడేది అదే.

మార్చి 5 నుంచి 8 వరకు టైపు చేసిన జాబితాలోని ఇంగ్లీషు 128. వీటిని చేత్తో ఎక్కించక్కర్లేదు. డీఓఐలను (వ్యాసాలకిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలు) నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ వాళ్ళ సింపుల్ టెక్స్ట్ క్వెరీ పేజీలో జాబితాను అలాగే అతికిస్తే, దొరికిన ప్రతి వ్యాసానికీ డీఓఐ తగిలించి ఇస్తుంది. ఉచితమే. నాకు 74 దొరికాయి. ఆ డీఓఐలన్నీ కాపీ చేసి, జొటేరోలో మంత్రదండం గుర్తు నొక్కి, వచ్చే గడిలో ఒకేసారి అతికించాను. 31 పుస్తకాలు ఐఎస్‌బీఎన్‌తో (పుస్తకం మీదుండే గుర్తింపు సంఖ్య) అదే గడిలోంచి వచ్చాయి. మిగిలిన 23 చేత్తో కొట్టాను. అవి పాత పత్రికల వ్యాసాలు, సెమినార్ పత్రాలు.

గూగుల్ స్కాలర్‌లో సైట్ నొక్కి బిబ్‌టెక్ తెచ్చుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆ ఫైల్లో డీఓఐ ఉండదు, రచయితల పూర్తి పేర్లకు బదులు ఒక్కోసారి పొడి అక్షరాలే ఉంటాయి. పేర్లలో ఆ పొట్టితనం తర్వాత ఎంత పని పెడుతుందో ముందుకు వెళ్తే తెలుస్తుంది. డీఓఐ ఉన్నచోట డీఓఐతోనే తెచ్చుకోండి.

ఇక తెలుగు 84. అసలు యాతన ఇక్కడ మొదలైంది.

నా పాత జాబితాలో తెలుగు భాగం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినది. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు వేసి ఉన్నంతసేపూ తెలుగులా కనిపిస్తుంది, జొటేరోలో అతికించగానే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి బయటపడుతుంది. యూనికోడ్‌కి మార్చే పని అదే సెంటర్‌కి ఇచ్చాను: 9 పేజీలు, పేజీకి 30 చొప్పున 270 రూపాయలు, రెండు రోజులు. మార్చి వచ్చినదాంట్లో వత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరానికి అంటుకున్నాయి. 84 ఎంట్రీలనూ పుస్తకాల ముఖపత్రాలతో పోల్చి దిద్దుకోవడానికి ఇంకో రోజున్నర.

తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఆర్‌ఐఎస్ నేనే రాశాను. కష్టమేమీ కాదు. ఒక్కో పుస్తకానికి ఏడు వరసలు: టీవైతో మొదలు, ఏయూ రచయిత, టీఐ శీర్షిక, పీవై సంవత్సరం, సీవై ఊరు, పీబీ ప్రచురణ సంస్థ, ఈఆర్‌తో ముగింపు. ప్రతి వరసలో రెండక్షరాలు, రెండు ఖాళీలు, ఒక అడ్డగీత, ఒక ఖాళీ, ఆ తర్వాత అసలు విషయం. ఒక నమూనా చేసుకుని కాపీలు కొట్టుకుంటూ పోతే జొటేరోలో గడి గడికీ మౌస్ తిప్పడం కంటే త్వరగా అవుతుంది. 84కి మార్చి 12 నుంచి 14 వరకు మూడు రోజులు.

14 రాత్రి దిగుమతి చేస్తే 84 ఎంట్రీల నిండా ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. నమూనాగా తీసుకున్న పాత ఫైలు ఆన్సీ ఎన్‌కోడింగ్‌లో, అంటే తెలుగు అక్షరాలు పట్టని పాత పద్ధతిలో ఉంది. సేవ్ చేసేటప్పుడు, ఇందులోని యూనికోడ్ అక్షరాలు పోతాయి సుమా అని నోట్‌ప్యాడ్ హెచ్చరించింది. చదవకుండా ఓకే కొట్టాను. పోయినవి మళ్ళీ రావు. మధ్యాహ్నం నాకే ఈమెయిల్ చేసుకున్న కాపీలో 60 బతికి ఉన్నాయి, మిగతా 24 మళ్ళీ కొట్టాను. ఫైలును సేవ్ యాజ్‌తో సేవ్ చేస్తూ, కింద ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోవడం మొదటి పనిగా పెట్టుకోండి.

రచయిత పేరు ఎలా రాయాలన్నది ఇంకో ప్రశ్న. జొటేరోలో పేరుకి రెండు గడులు, ఇంటిపేరుకొకటి, పేరుకొకటి. పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే రెండూ కలిసి ఒకే గడి అవుతుంది. తెలుగు లిపిలో ఉన్న రచయితలందరికీ ఒకే గడి పెట్టి, మనం రాసుకునే వరసలోనే రాశాను: బహుజనపల్లి సీతారామాచార్యులు. ఆర్‌ఐఎస్‌లో కామా లేకుండా రాస్తే ఆ పేరు నేరుగా ఒకే గడిలోకి వెళ్ళింది. ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి అకారాది కూడా దాని ప్రకారమే కుదురుతుంది. ఆయన నిఘంటువు శబ్దరత్నాకరం గురించి రాసినచోట ఉల్లేఖన, అంటే వాక్యం పక్కన బ్రాకెట్లో ఇచ్చే ఆధారం, (బహుజనపల్లి సీతారామాచార్యులు, 1885) అని పూర్తి పేరుతో వస్తుంది. కొంచెం పొడుగే, కానీ తెలుగులో అదే పద్ధతి.

ఐఎస్‌బీఎన్ ఉన్న కొత్త తెలుగు పుస్తకాలను మంత్రదండంతో తెచ్చి చూశాను. లైబ్రరీ కేటలాగుల నుంచి వచ్చే వివరాలు తెలుగు లిపిలో ఉండవు, చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ లిపిలో ఉంటాయి. హైదరాబాదు హైదరాబాదులా రాదు, అక్షరాల నెత్తిన పొడుగు గీతలతో కొత్త ఊరిలా వస్తుంది. పబ్లిషింగ్ హౌస్ అన్న అచ్చమైన ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చి, అక్కణ్ణుంచి మళ్ళీ రోమన్‌లోకి వెళ్ళి, సొంతవాళ్ళు కూడా గుర్తుపట్టలేని వేషంలో తిరిగొస్తుంది. అలా వచ్చినవన్నీ తీసేసి చేత్తో రాశాను.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు వాడేవాళ్ళకు ఇంకో మాట. వెబ్ పేజీ వివరాలను జొటేరోకి పంపే బ్రౌజర్ కనెక్టర్‌తో పట్టుకుంటే శీర్షిక 2015 అన్న అంకె, ఒక చుక్క, ఇంకో పొడుగు నంబరు, ఆ తర్వాత అడ్డగీతలతో కలిపిన పేరుగా దిగుతుంది. రచయిత గడిలో ఏముందో, సంవత్సరం నిజమో కాదో నమ్మలేం. స్కాన్ తెరిచి ముఖపత్రం చూడాల్సిందే. ఆ ముఖపత్రం మీద కూడా ఒక్కోసారి క్రీస్తుశకం ఉండదు, ప్రభవ నామ సంవత్సరం అని ఉంటుంది. అది 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. కాగితం, అచ్చు, పీఠికలోని సంగతులు చూసి తేల్చుకోవాలి. తేదీ గడిలో మాత్రం అంకెలే రాయండి. గడి పక్కన లేత రంగులో వై, ఎమ్, డీ అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి. మీరు రాసినదాంట్లో ఏది సంవత్సరం, ఏది నెల అని జొటేరో అనుకుంటోందో అవి చెబుతాయి. 05/07/2011 లాంటి తేదీ మే నెలో జులై నెలో దానికి తెలియదు. 2011-07-05 అని రాస్తే గొడవ ఉండదు.

మార్చి 17 నుంచి 21 వరకు డూప్లికేట్లు. జొటేరో శీర్షిక, డీఓఐ, ఐఎస్‌బీఎన్ చూసి, ఆపైన సంవత్సరం, రచయిత పోల్చి జంటలు చూపిస్తుంది. చూపించినవన్నీ కళ్ళు మూసుకుని కలిపేస్తే మునుగుతాం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువుకు 1961 నాటి మొదటి ముద్రణ, 1984 నాటి రెండో ముద్రణ రెండూ నాకు వేర్వేరుగా కావాలి. మొదటిదానికి సంవత్సరం గడి ఖాళీగా ఉండటంతో రెండూ ఒకటేనని జొటేరో జత కట్టింది. 1961 అని నింపగానే జాబితాలోంచి వెళ్ళిపోయింది. అలాగే ఐటమ్ టైప్ వేరుగా ఉంటే, ఒకటి పుస్తకం, ఇంకోటి పుస్తకంలో అధ్యాయం అయితే, కలపనివ్వదు. ముందు టైప్ ఒకటి చేసుకోవాలి. కలపడాలన్నీ అయ్యాక 419 కాస్తా 347 అయ్యాయి.

రెండోదాన్ని డిలీట్ చేసి చేతులు దులుపుకోకండి, మెర్జ్ చేయండి. మెర్జ్ చేస్తే, ఇదివరకు వర్డ్ ఫైల్లో వాడిన ఉల్లేఖన కొత్త ఎంట్రీతో ముడిపడే ఉంటుంది. డిలీట్ చేస్తే ఫైల్లోని ఉల్లేఖన అనాథ అవుతుంది. కనిపిస్తుంది, కానీ లైబ్రరీలో మీరు దిద్దిన దిద్దుబాటు దానికి చేరదు.

మార్చి 24న ఏడు అధ్యాయాలూ ఒకే వర్డ్ ఫైల్లోకి తెచ్చాను. వేరే ఫైళ్ళలో ఉంచితే ఏ ఫైలు గ్రంథసూచి దానిదే. ఉల్లేఖనలు 600 దాటాయి. ఒక్కోటి చేర్చినప్పుడల్లా ఫైలు మొత్తాన్ని మళ్ళీ లెక్కేసుకుంటూ అర నిమిషం నిలబడిపోయేది. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ తీసేశాక ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి కొత్త ఉల్లేఖన కింద ముక్కలు ముక్కలుగా గీత పడుతుంది. సాయంత్రం ఒకసారి రిఫ్రెష్ నొక్కితే గీతలు పోయి అన్నీ సర్దుకుంటాయి.

నిఘంటువుల మీద పని చేసేవాళ్ళకు ఒక చిన్న బహుమతి కూడా దొరికింది. ఉల్లేఖనలో పేజీ నంబరు ఇచ్చే చోట బాణం నొక్కితే వచ్చే జాబితాలో సబ్ వెర్బో అని ఉంటుంది. పేజీ బదులు ఆరోపం, అంటే నిఘంటువులో అర్థం ఇచ్చిన మాట, ఇవ్వొచ్చు. బ్రౌన్ నిఘంటువు దగ్గర ఇదే వాడాను. దానికే ఇంకో సర్దుబాటు: నేను వాడింది 1903 ముద్రణ, మొదటిది 1852. ఎక్స్‌ట్రా గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒరిజినల్ డేట్ అని, కోలన్ పెట్టి 1852 అని రాస్తే, ఏపీఏలో (బ్రౌన్, 1852/1903) అని వస్తుంది.

మొదటి రిఫ్రెష్ తర్వాత ఫలితం చూసి నీరుగారిపోయాను. కృష్ణమూర్తి 2003 అని రావాల్సినచోట (బి. కృష్ణమూర్తి, 2003), కాస్త కిందికి (బిహెచ్. కృష్ణమూర్తి, 1998). ఇది బగ్ అనుకుని అరపూట వెతికాను. బగ్ కాదు, ఏపీఏ నియమమే. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు రచయితలుంటే తేడా తెలియడానికి పొడి అక్షరం పెట్టమంటుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పేరు నా లైబ్రరీలో మూడు రకాలుగా ఉంది: బి., బిహెచ్., భద్రిరాజు. జొటేరో లెక్కలో ముగ్గురు మనుషులు. మూడూ ఒకటి చేస్తే పొడి అక్షరం మాయమవుతుంది. ఒకేసారి అన్ని ఎంట్రీల్లో రచయిత పేరు మార్చే మీట మెనూల్లో ఎక్కడా లేదు, ఒక్కొక్కటీ తెరవాల్సిందే. ఆయన ఒక్కడివే 19 ఎంట్రీలు.

రావుల దగ్గర గొడవ ఇంకో రకం. వెల్చేరు నారాయణరావు ఒక చోట ఎన్ కింద, ఇంకో చోట ఆర్ కింద. లైబ్రరీ కేటలాగు నారాయణరావు మొత్తాన్నీ ముందు గడిలో పెడుతుంది, పత్రికల డేటా చివరి మాట రావుని తెంపి ఇంటిపేరు చేస్తుంది. మన రావులు, రెడ్లు, శర్మలు, శాస్త్రులు అందరికీ ఇదే గతి. ఒక నియమం పెట్టుకుని మార్చి 26 నుంచి 31 వరకు ఆరు రోజులు పేర్లే దిద్దాను. మొత్తం పనిలో ఎక్కువ తిన్నది ఇదే. మళ్ళీ చేయాల్సి వస్తే దిగుమతి అయిన రోజే చేస్తాను.

ఏప్రిల్ 2న ముద్రించిన 23 పేజీల జాబితా మా గైడు మేడమ్‌కి చూపించాను. రెండో పేజీ దగ్గరే ఆగి, "బాబూ, ఊళ్ళేవీ? మద్రాసు ఎక్కడికి పోయింది?" అన్నారు. ప్రతి పుస్తకానికీ ప్రచురణ స్థలం కష్టపడి నింపాను, జాబితాలో ఒక్కటీ లేదు. ఏపీఏ 7వ కూర్పు 2019లో ప్రచురణ స్థలాన్ని ఎత్తేసింది. మా నిబంధనల కాగితంలో ఏపీఏ అని మాత్రమే ఉంది, ఇచ్చిన నమూనా మాత్రం పాత 6వ కూర్పుది. జొటేరో స్టైళ్ళ జాబితాలో 6వ కూర్పు విడిగా దొరుకుతుంది. చేర్చి, ప్రిఫరెన్సెస్‌లో మార్చగానే మద్రాసు, రాజమండ్రి అన్నీ తిరిగొచ్చాయి. పట్టింది నాలుగు నిమిషాలు.

మేడమ్ రెండో అభ్యంతరం శీర్షికల మీద. సగం శీర్షికల్లో ప్రతి మాటకీ పెద్దక్షరం, సగంలో మొదటి మాటకే. ఏపీఏకి కావాల్సింది రెండోది. జొటేరో చిన్నక్షరాలను పెద్దవి చేయగలదు గానీ, పెద్దవాటిని తనంతట తాను చిన్నవి చేయదు. శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్ ఎంచుకోవాలి, తర్వాత తెలుగు, మద్రాస్ లాంటి సంజ్ఞానామాలకు పెద్దక్షరం మళ్ళీ పెట్టాలి. 130 శీర్షికలకి రెండు రోజులు.

తెలుగు అక్షరాల సైజు విషయం ఎవరూ చెప్పలేదు. జాబితాలో ఇంగ్లీషు 12లో, తెలుగు మరో సైజులో, మరో ఫాంటులో వచ్చింది. సెలెక్ట్ చేసి మార్చినా, రిఫ్రెష్ కొట్టగానే మొదటికొచ్చేది. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద లెక్కేస్తుంది, దాని ఫాంటు, సైజు విడిగా ఉంటాయి. బిబ్లియోగ్రఫీ అనే స్టైల్ మీద రైట్ క్లిక్, మాడిఫై, ఫార్మాట్, ఫాంట్. అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ గడిలో నిర్మలా యూఐ, 11 పెట్టాను. ఆ తర్వాత ఎన్ని రిఫ్రెష్‌లు కొట్టినా చెక్కుచెదరలేదు. ఆ గడి కనిపించకపోతే ఆఫీస్ భాషల సెట్టింగ్‌లో తెలుగు చేర్చండి.

ఏప్రిల్ 7న తగిలిన దెబ్బ మాత్రం నా తొందరపాటే. పేజీల అమరిక కోసం మూడో అధ్యాయాన్ని విడి ఫైలుగా తీసి, ఉల్లేఖనలు జొటేరోతో ముడిపడి ఉండగానే డీటీపీ సెంటర్‌కి ఇచ్చాను. వాళ్ళు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, సర్ది, మళ్ళీ వర్డ్‌లో సేవ్ చేసి ఇచ్చారు. చూడ్డానికి బాగుంది. రిఫ్రెష్ నొక్కితే జొటేరోకి అందులో ఒక్క ఉల్లేఖనా కనబడలేదు, 96 ఉల్లేఖనలూ ఉత్త అక్షరాలైపోయాయి. ఆ మధ్య చేసిన దిద్దుబాట్లు ఆ ఫైల్లోనే ఉండటంతో పాత ఫైలుకి పోలేక, రెండు రాత్రులు కూర్చుని 96 మళ్ళీ చేర్చాను. బయటి చేతికి ఇచ్చే ముందు సేవ్ యాజ్‌తో కాపీ తీసి, ఆ కాపీలో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి, దాన్నే ఇవ్వాలి. అసలు ఫైల్లో మాత్రం ఆ మీట జోలికి పోకండి, నొక్కితే ఆ బంధం తెగినట్టే.

ఏప్రిల్ 9న సారూప్య తనిఖీలో (నకలు ఎంతుందో చూసే పరీక్ష) 12 శాతం వచ్చింది. యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల్లో 10 శాతం వరకు ఇబ్బంది లేదు, గ్రంథసూచిని లెక్కలోకి తీసుకోకూడదు కూడా. తెలుగు పుస్తకాల భాగానికి నేను పెట్టిన ఆధార గ్రంథాలు అన్న తెలుగు శీర్షికను ఆ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టక, ఆ పేజీలను థీసిస్‌లో భాగంగా లెక్కేసింది. లైబ్రరీలో చెప్పి అవి తీసేయించి మళ్ళీ చూస్తే 7.

ఖర్చంతా కలిపితే: యూనికోడ్‌కి 270, ముద్రణలకు సుమారు 140, పేజీల అమరికకు సెంటర్ తీసుకున్నది వేరు. జొటేరోకి పైసా ఇవ్వలేదు. ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ పీడీఎఫ్‌లతో మూడో రోజే నిండింది. ఏడాదికి 20 డాలర్లు కడితే 2 జీబీ ఇస్తారు. నేను సింక్ సెట్టింగ్‌లో అటాచ్‌మెంట్ ఫైళ్ళ టిక్కు తీసేశాను. ఎంట్రీల సింక్‌కి పరిమితి లేదు. పీడీఎఫ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి, జొటేరో మూసేసి, ఫోల్డర్ మొత్తంగా వారానికోసారి కాపీ చేశాను. ఆ ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో పెట్టి వాడకండి, డేటాబేస్ పాడవుతుంది.

తెలుగు పుస్తకాలు విడి జాబితాగా ఉండాలన్నది చివరి షరతు. జొటేరో ఒక ఫైలుకి ఒకే గ్రంథసూచి ఇస్తుంది. అదృష్టం ఏమిటంటే, అకారాదిలో రోమన్ అక్షరాలన్నీ అయ్యాకే తెలుగు లిపి వస్తుంది కాబట్టి తెలుగు ఎంట్రీలన్నీ చివర్లో ఒకచోటే గుంపుగా నిలబడ్డాయి. అన్‌లింక్ చేసిన కాపీలో వాటి నెత్తిన ఒక శీర్షిక పెట్టాను, పనైపోయింది. ఆ తెలుగు ఎంట్రీల్లో కూడా సంపాదకుడి పేరు పక్కన ఇంగ్లీషు ఈడీ, ఇద్దరు రచయితల మధ్య ఇంగ్లీషు ఆంపర్సండ్ ఉండిపోయాయి. మొత్తం జాబితాకి ఒకే భాష తప్ప ఎంట్రీకో భాష ఇవ్వడం కుదరదు. ఏప్రిల్ 11 రాత్రి 17 చోట్ల సంపా. అనీ, మరియు అనీ చేత్తో మార్చి, మర్నాడు, థీసిస్‌లో ఉల్లేఖించిన 268 ఎంట్రీల జాబితాతో సాఫ్ట్ కాపీ ఇచ్చేశాను. పద్దెనిమిదోది ముద్రణ చేతికొచ్చాక కనిపించింది.